మా పిల్లి గడప దాటదు

ఇంటికి ఎవరొచ్చినా ముందు పిల్లిని చూసి ముచ్చటపడతారు, తర్వాత బాల్కనీకి కట్టిన వల చూస్తారు, ఆ తర్వాత నన్ను అదోలా చూస్తారు. "పాపం, దీన్ని అసలు బయటికే వదలరా?" పాపం పిల్లికి, తిట్టు నాకు. మా పెద్దత్తయ్య అయితే మొహమాటం లేకుండా "మూగజీవాన్ని నాలుగ్గోడల మధ్య పెట్టి ఏడిపిస్తున్నావేంటే, దాని ఉసురు తగుల్తుంది" అనేసింది.

వదలను. హైదరాబాద్‌లో నాలుగో అంతస్తులో ఉంటూ పిల్లిని బయటికి వదిలే ప్రసక్తే లేదు. కాకపోతే "ప్రమాదం కదా అత్తయ్యా" అని ఒక్క ముక్కతో తేల్చేస్తే ఎవరికీ ఎక్కదు, పైగా లోపల ఉంచడం అంటే తలుపు వేసేసి చేతులు దులుపుకోవడం అనుకునేవాళ్ళు కూడా తయారయ్యారు. వాళ్ళతో కూడా నాకు పేచీ ఉంది, అది తర్వాత.

ముందు అత్తయ్య వైపు నుంచి చూద్దాం. ఆవిడ మనసులో ఉన్నది ఊళ్ళో పిల్లి. మా అమ్మమ్మగారిది గోదావరి జిల్లా, పెంకుటిల్లు, పైన అటక, పెరట్లో గడ్డిమేటు, వసారాలో ధాన్యం బస్తాలు. అక్కడ పిల్లిని ఎవరూ పెంచేవాళ్ళు కాదు, అది ఉండేది, అంతే. ఎలుకలు దాని జీతం, మధ్యాహ్నం ఇంత పెరుగన్నం, చేపలు తోమిన రోజున తలకాయలు బోనసు. ఈనితే పిల్లల్ని నోట కరుచుకుని ఏడిళ్ళు తిప్పేది, ఏ ఇంట్లోనూ కసిరేవాళ్ళు కాదు. వీధిలో రోజు మొత్తానికి రెండు మూడు బళ్ళు వెళ్తే గొప్ప. ఆ పిల్లిని గదిలో పెట్టి గడియ వేయమంటే నేనూ ఒప్పుకోను.

కానీ ఒకటి అడుగుతాను, ఆ పిల్లులు ఎన్నాళ్ళు బతికేవో ఎవరైనా చెప్పగలరా? "ఈమధ్య పిల్లి కనపడ్డం లేదేంటి?" అని ఒకరంటే "ఎటో పోయుంటుందిలే" అని ఇంకొకరు అనేవాళ్ళు. నెల తిరిగేసరికి ఇంకో పిల్లి వచ్చి అదే అటకెక్కేది. మనకి గుర్తున్నది పిల్లి అనే ఉద్యోగం, అందులో చేరి వెళ్ళిపోయిన పిల్లులు కాదు. ఊళ్ళో పిల్లి హాయిగా బతికింది అని మనం అనుకోవడంలో సగం ఈ మతిమరుపే.

ఇప్పుడు మా కాలనీకి రండి. రాత్రి పది దాటితే వీధి మనుషులది కాదు, కుక్కలది. ఒక్కో మూలకి ఒక్కో గుంపు, వాటి హద్దులు వాటివి, ఆ హద్దు దాటి ఏది వచ్చినా ఊరుకోవు. ఆకలికి కాదు, వాటికి అన్నం పెట్టేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. మా రెండో అంతస్తు వాళ్ళ గోధుమరంగు పోతుపిల్లి రోజూ సాయంత్రం షికారుకెళ్ళి తెల్లారేసరికి గుమ్మం ముందు కూర్చునేది, "అది చాలా తెలివైంది, దారి దానికి తెలుసు" అని వాళ్ళు మురిసిపోయేవాళ్ళు. తెలివి తక్కువై కాదు, ఒకరోజు ట్రాన్స్‌ఫార్మర్ పక్క గోడ దగ్గర రెండు గుంపుల మధ్య చిక్కుకుంది. ఎక్కడా కొరికి తిన్న ఆనవాలు లేదు. మెడ పట్టి విదిలించి వదిలేశాయి. వాచ్‌మన్ బియ్యం సంచిలో చుట్టి పైకి తెచ్చాడు, ఆ ఇంట్లో పదేళ్ళ పిల్ల ఉందని తెలిసి ముందు ఫోన్ చేసి నాన్నని మాత్రమే బయటికి రమ్మన్నాడు. స్వేచ్ఛ గురించి మాట్లాడేవాళ్ళెవరూ ఆ సంచి పట్టుకున్నవాళ్ళు కాదు.

"ఇంగ్లండ్‌లో అందరూ బయటికి వదుల్తారు తెలుసా" అని మా ఆఫీసులో ఒకాయన వాదన. నిజమే, అక్కడ పిల్లి కోసం తలుపుకి చిన్న కంత పెట్టిస్తారు, బయటికి వదలని వాళ్ళనే వింతగా చూస్తారు. అదే ఇంగ్లండ్‌లో వెటర్నరీ క్లినిక్‌ల రికార్డులు తీసి పిల్లుల చావుల మీద ఒక పరిశోధన చేసి 2015లో ప్రచురించారు. సగటు పిల్లి 14 ఏళ్ళు బతుకుతోందని తేలింది, అంటే బయట తిరిగే పిల్లి రెండు మూడేళ్ళకే పోతుందని నెట్‌లో తిరిగే లెక్క అక్కడికి వర్తించదు, ఆ మాట నా పక్షం వాళ్ళు కూడా మానుకుంటే మంచిది. కానీ అదే పరిశోధనలో ఐదేళ్ళ లోపు పోయిన పిల్లుల్ని విడిగా చూస్తే, దాదాపు సగం చావులకి కారణం దెబ్బలు, వాటిలో ఎక్కువ భాగం రోడ్డు ప్రమాదాలు. వీధికుక్కలు లేని దేశంలో, బళ్ళు లైన్లో వెళ్ళే దేశంలో లెక్క ఇది. మన దగ్గర రాంగ్ రూట్లో వచ్చే బైకు పిల్లికేం తెలుస్తుంది, మనకే తెలియదు.

ఇక అపార్ట్‌మెంట్ వాళ్ళందరూ నమ్మే మాట, "పిల్లి ఎంత ఎత్తునుంచి పడినా కాళ్ళమీదే పడుతుంది, ఏం కాదు." కాళ్ళమీద పడుతుంది, ఆ మాట నిజం. గాల్లోనే నడుము తిప్పుకుని పాదాలు కిందికి తెచ్చుకునే నేర్పు దానికి పుట్టిన కొన్ని వారాలకే వస్తుంది. ఏం కాదు అన్నదే అబద్ధం. కాళ్ళు నేలకి తగిలాక ఊపుకి గడ్డం వెళ్ళి నేలకి కొట్టుకుంటుంది, పై అంగిలి నిలువునా చీలుతుంది, పళ్ళు విరుగుతాయి, ఛాతీలో గాలి చేరి ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. బయటికి గాయమే కనపడకుండా లోపల ఇంత జరిగి ఉండొచ్చు. ఈ వాదన చేసేవాళ్ళు చివరికి తెచ్చేది 1987లో న్యూయార్క్ నుంచి వచ్చిన ఒక పరిశోధన. మేడల మీదనుంచి పడి ఆసుపత్రికొచ్చిన 132 పిల్లుల్ని చూశారు, వాటిలో 90 శాతం బతికాయి, పైగా ఏడో అంతస్తు కంటే ఎత్తునుంచి పడ్డవాటికి దెబ్బలు తక్కువగా ఉన్నాయని రాశారు. ఇక చూస్కోండి, పదో అంతస్తైతే ఇంకా మంచిది అన్నట్టు తయారైంది. అయ్యా, ఆసుపత్రికి తెచ్చినవాటి లెక్క అది. పడ్డచోటే పోయినదాన్ని ఎవరు ఆటోలో వేసుకుని డాక్టర్ దగ్గరికి తెస్తారు? పదో అంతస్తు నుంచి పడి అక్కడికక్కడే చచ్చిపోయినవి ఆ 132లోకి రానే రావు. పరిశోధనది తప్పు కాదు, దాన్ని మనం చదివిన తీరుది.

పిల్లి పొరపాటున పడదు అనేది ఇంకో భ్రమ. మా దాన్ని చూస్తే తెలుస్తుంది. ఎదురుగా ఏసీ బాక్సు మీద పావురం వాలిందా, పొట్ట నేలకానించి పాకుతూ వస్తుంది, తోక కొస మాత్రం అటూ ఇటూ కొట్టుకుంటుంది, కింది దవడ టకటకా వణుకుతుంది, గొంతులోంచి పిల్లి అరుపు కాని ఒక కీచు శబ్దం వస్తుంది. ఆ సమయంలో దానికి నేను లేను, ఇల్లు లేదు, నాలుగో అంతస్తు అస్సలు లేదు. పిట్టగోడ మీద అంగుళాల్లో నడిచే జీవమే, పావురం ఎగిరిన క్షణంలో గాల్లోకి దూకేస్తుంది.

వల కట్టడానికి వచ్చిన కుర్రాడు వస్తూనే "మేడం, పావురాలకా, పిల్లికా?" అని అడిగాడు. రెండింటికీ తేడా ఏంటంటే, "పావురం బయటినుంచి తోస్తది, పిల్లి లోపలినుంచి కొరుకుతది" అన్నాడు. పావురాల కోసం వేసే పల్చటి నైలాన్ వల ఎండకి రెండు మూడు వేసవులకే పెళుసెక్కుతుంది, పిల్లి ఓపిగ్గా కూర్చుని ఒక్కో పోగు కొరుకుతూ పోతే తల పట్టేంత కంత అవుతుంది, తల పట్టిందంటే ఒళ్ళంతా పట్టినట్టే. ఇప్పుడు ఫ్యాషన్‌గా వేయిస్తున్న ఇన్విజిబుల్ గ్రిల్ తీగల మధ్య సందులోంచి పిల్లకూన హాయిగా దూరిపోతుంది. అతను మందపాటి వల వేసి, నేలనుంచి మూడడుగుల వరకు లోపలివైపు స్టీలు జాలీ అదనంగా బిగించాడు. అద్దె ఇంట్లో ఓనర్ గోడకి హుక్కు కొట్టనివ్వకపోతే బాల్కనీ తలుపు పిల్లికి లేనట్టే అనుకుని, కిటికీలకి గట్టి మెష్ పెట్టుకోవడమే. మామూలు దోమల జాలీ పిల్లి గోళ్ళకి ఒక వారం ఆగదు.

రోగాల సంగతి క్లుప్తంగా చెప్తాను. బయట పిల్లులతో కొట్లాడి కరిపించుకుంటే అంటుకునే వైరస్‌లు ఉన్నాయి, వాటిని నయం చేసే మందు లేదు. పిల్లకూనల్ని ఊడ్చుకుపోయే పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ మరీ మొండిది, నేలమీద నెలల తరబడి బతికి ఉంటుంది, మన చెప్పులకి అంటుకుని ఇంట్లోకి కూడా వస్తుంది. అందుకే "మాది బయటికి వెళ్ళదుగా, టీకాలెందుకు" అనేవాళ్ళని చూస్తే నాకు బీపీ పెరుగుతుంది. గడప లోపల ఉన్నా ఆ టీకా, రేబిస్ టీకా రెండూ వేయించాల్సిందే. 2025 మొదట్లో గోదావరి జిల్లాల్లో వేల్పూరు, కానూరు వైపు కోళ్ళఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి మనవాళ్ళందరూ చికెన్ మానేసిన రోజులు గుర్తున్నాయా? దానికి కాస్త ముందే మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో అదే హెచ్5ఎన్1 వైరస్ పెంపుడు పిల్లుల్లో బయటపడింది, నాగపూర్‌లోని గోరెవాడ రెస్క్యూ సెంటర్‌లో మూడు పులులు, ఒక చిరుత పోయాయి. పిల్లి జాతి ఆ జబ్బుని తట్టుకోలేదు. చికెన్ షాపు వెనక పారేసే పేగులూ కాళ్ళూ తినే వీధి పిల్లికి అది ఎంత దగ్గరో చెప్పక్కర్లేదు, అలాగే ఇంట్లో ఉన్న పిల్లికి ముద్దుగా పచ్చి చికెన్ ముక్కలు పెట్టేవాళ్ళు కూడా కాస్త ఆగాలి. ఉడకబెట్టి పెట్టండి, పోయేదేముంది.

విషం కూడా బయటే ఎక్కువ. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో ఎలుకల మందు బిళ్ళలు పెడతారు. పిల్లి ఆ బిళ్ళ ముట్టకపోవచ్చు, ఆ బిళ్ళ తిని మత్తుగా తూలుతున్న ఎలుకని మాత్రం వదలదు, దానికంటే తేలికైన వేట ఏముంటుంది? అలాగని ఇంట్లో అంతా సురక్షితం అనుకోవద్దు. బీరువాలో వేసే కలరా ఉండలు, నేల తుడిచే నల్ల ఫినాయిల్, జ్వరమొస్తే మనం వేసుకునే పారాసిటమాల్, మూడూ పిల్లికి విషమే. బొకేల్లో పెద్ద రేకులతో వచ్చే లిల్లీ పూలైతే మరీ, ఒంటికి అంటిన పుప్పొడి నాకినా కిడ్నీలు దెబ్బతింటాయి. దండల్లో గుచ్చే మన తెల్ల లిల్లీ వేరు, దానితో ఆ భయం లేదు.

పిట్టల గురించి కూడా ఒక మాట. అమెరికాలో పిల్లులు ఏటా 130 కోట్ల నుంచి 400 కోట్ల పక్షుల్ని చంపుతున్నాయని 2013లో అంచనా కట్టారు, అందులో ఎక్కువ పాపం ఎవరికీ చెందని పిల్లులది. ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెరాలో 2022 జులై 1 నుంచి పుట్టిన పిల్లుల్ని ఆవరణ దాటనివ్వకూడదని చట్టమే ఉంది. అదే ఏడాది జర్మనీలో వాల్‌డోర్ఫ్ అనే చిన్న ఊళ్ళో నేలమీద గూడు పెట్టే అరుదైన పిట్ట కోసం వేసవి అంతా పిల్లుల్ని ఇంట్లోనే ఉంచమన్నారు, ఊరంతా గగ్గోలు. మా కాలనీలో ఉన్నదల్లా నాలుగు పిచ్చుకలు, రెండు ఉడుతలు, కానుగచెట్టు మీద ఒక తొండ. వాటికోసం అని చెప్తే అత్తయ్య నవ్వుతుంది, కానీ పిచ్చుకలు రావడం లేదని వాపోయేది కూడా ఆవిడే.

ఇక నా రెండో పేచీకి వస్తాను. పిల్లిని లోపల ఉంచాలి అన్నవాళ్ళలో చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఒక బెడ్‌రూమ్ ఫ్లాటు, రెండు పూటలా గిన్నెనిండా డ్రై ఫుడ్, పొద్దున తొమ్మిదికి తాళం వేసి రాత్రి ఎనిమిదికి రావడం. ఆ పిల్లి కాలుగాలిన పిల్లిలా తిరక్కపోతే ఆశ్చర్యం. కొంతకాలానికి తిరగడం కూడా మానేసి సోఫాలో దిండులా పడుంటుంది, దాన్ని చూసి "భలే బుద్ధిమంతురాలు" అంటారు. బుద్ధి కాదు, బోరు. ఒళ్ళు పెరుగుతుంది, దానితో షుగరొస్తుంది. నీళ్ళు సరిగ్గా తాగని, కదలని, లావెక్కిన మగ పిల్లికి మూత్రం బిగిస్తే అది గంటల మీద నడిచే వ్యవహారం, లిట్టర్ పెట్టెలో (పిల్లి మలమూత్రాలకి మట్టి పోసి ఉంచే పెట్టె) పదే పదే కూర్చుని లేస్తూ చుక్క కూడా పోయకపోతే తెల్లారేదాకా ఆగకూడదు. బయటికి వదలాలి అనేవాళ్ళు ఈ పిల్లిని చూపించి నన్ను నిలదీస్తే నా దగ్గర జవాబు లేదు, వాళ్ళు చెప్పేది నిజం కాబట్టి.

తలుపు వేశామంటే బయట దానికి దొరికేదంతా మనం సమకూర్చాలి, నేను చెప్పేది అదొక్కటే. తిండి సంగతే చూడండి. అమ్మమ్మ పిల్లి పెరుగన్నం తిని బతికింది అంటారు, పెరుగన్నం తిని కాదు, ఎలుకల్ని తిని బతికింది. టారిన్ అనే పదార్థం మాంసంలోనే దొరుకుతుంది, అది చాలకపోతే పిల్లికి చూపు పోతుంది, గుండె వదులై సాగిపోతుంది. ఆ గుండె సంగతి కాలిఫోర్నియాలో వెటర్నరీ డాక్టర్లు 1987లో కనిపెట్టేదాకా కంపెనీల మేతలో కూడా అది తక్కువగానే ఉండేది. వేట మాన్పించి పెరుగన్నం మీద పెట్టామంటే లోపల దాచి చంపుతున్నట్టే. మాది పప్పు, పెరుగు తప్ప గుడ్డు కూడా వండని ఇల్లు అనేవాళ్ళు పిల్లికి బదులు కుందేలునో చిలకనో తేవడం కాదు, ఏ జీవాన్నీ తేకుండా ఉండటం మేలని నా అభిప్రాయం, మన దేశపు చిలకల్ని పెంచడం ఎలాగూ నేరం.

వేట కూడా మనమే ఇవ్వాలి. పొద్దున తెల్లవారుతుండగా, సాయంత్రం దీపాలు పెట్టే వేళకి పిల్లికి ఒంట్లో వేట లేస్తుంది. ఆ రెండు పూటలా పావుగంట, కర్రకి కట్టిన ఈకతో నిజంగా ఆడాలి, ఫోన్ చూస్తూ చెయ్యి ఊపితే దానికి తెలిసిపోతుంది. ఈకని దాని మీదకి తేకూడదు, దాన్నుంచి పారిపోయేలా లాగాలి, సోఫా కిందికి సగం దూర్చి కదపాలి, చివరికి దాని చేతికి చిక్కనివ్వాలి, ఆ వెంటనే అన్నం పెట్టాలి. వేట, తిండి, స్నానం, నిద్ర, ఈ వరుస తప్పకపోతే రాత్రి మూడింటికి మన కాళ్ళమీద దూకడం దానంతటదే తగ్గుతుంది. ఇల్లు చిన్నదైతే పైకి పెంచండి, పిల్లికి చదరపుటడుగుల కంటే ఎత్తు ముఖ్యం. మా ఇంట్లో పుస్తకాల బీరువా పైన పాత బొంత ఒకటి, కిటికీ దగ్గర ఒక పలక, గోళ్ళు గీరుకోవడానికి కొబ్బరి తాడు చుట్టిన కర్ర ఉన్నాయి. సోఫా మాత్రం పోయింది, ఆ విషయంలో ఆశలు పెట్టుకోవద్దు.

లిట్టర్ వాసన గురించి ఫిర్యాదు చేసేవాళ్ళకి ఒక సంగతి. 1947లో అమెరికాలో మిషిగన్‌లో ఎడ్ లో అనే ఆయన పక్కింటావిడ పిల్లికి బూడిద బదులు ఎండిన బంకమట్టి పలుకులు ఇచ్చేదాకా అక్కడ కూడా చాలామంది రాత్రి పిల్లిని బయటికి తోసేవాళ్ళే. పిల్లి ఇంటి మనిషి అయింది ప్రేమ పెరిగి మాత్రమే కాదు, వాసన తగ్గి. ఇప్పుడు మనం కొనే గడ్డకట్టే లిట్టర్ చాలావరకు బెంటొనైట్ అనే బంకమట్టే. రోజుకి రెండుసార్లు ఎత్తితే వాసన రాదు, రెండురోజులకోసారి ఎత్తితే పిల్లి మీ పరుపుని ఎంచుకుంటుంది, తప్పు దానిది కాదు.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించకుండానే లోపల ఉంచుదామనుకుంటే అది మీకూ దానికీ నరకం. నాలుగైదు నెలలకే ఎదకొచ్చే ఆడపిల్లి రాత్రంతా చంటిపిల్ల ఏడ్చినట్టు అరుస్తుంది, పోతుపిల్లి కర్టెన్ల మీద మూత్రం చిమ్ముతుంది, ఆ వాసనకి ఏ అగరుబత్తీ ఆగదు. ఇంట్లో ఉండలేక గడప దగ్గర కాపు కాసే పిల్లుల్లో చాలావాటికి కావలసింది లోకం చూడటం కాదు, జత. ఆపరేషన్ అయ్యాక ఆ తహతహ చాలావరకు పోతుంది.

ఇదంతా విని సెల్లార్‌లో తిరిగే ఏడేళ్ళ పిల్లిని పట్టుకొచ్చి గదిలో పెట్టకండి. పుట్టినప్పటినుంచి మనిషి చెయ్యి తగలని పిల్లికి ఇల్లు నిజంగా జైలే. దానికి ఆపరేషన్ చేయించి, టీకా వేయించి, ఎక్కడ పట్టారో అక్కడే వదిలి, రోజూ ఒకే వేళకి ఒకే చోట తిండి పెట్టండి, అంతకంటే మేలు చేయలేరు. మా అమ్మమ్మ ఊళ్ళో మిగిలిన ఒకటి రెండు పెరడున్న ఇళ్ళ పిల్లుల జోలికి కూడా నేను వెళ్ళను. నా వాదన అంతా మన చేతుల్లో పెరిగిన కూన గురించి, కుక్క కనపడితే పారిపోవాలో దగ్గరికెళ్ళి వాసన చూడాలో తెలియనిదాని గురించి.

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఒక్కోసారి సిలిండర్ వచ్చినప్పుడో, చుట్టాలు చెప్పులు విప్పుతూ తలుపు బార్లా తీసి మాట్లాడుతున్నప్పుడో కాళ్ళ సందులోంచి జారిపోతుంది. అప్పుడు టెన్షన్‌లో వీధులన్నీ పట్టుకు తిరగొద్దు. తప్పిపోయిన పిల్లుల మీద 2018లో వచ్చిన ఒక పరిశోధనలో, దొరికినవాటిలో నాలుగింట మూడు వంతులు ఇంటికి 500 మీటర్ల లోపే దొరికాయి, ఇల్లు కదలనివైతే ఇంకా దగ్గర్లో. అంటే మీ బిల్డింగ్‌లోనే ముందు వెతకాలి. మెట్లకింద, మీటర్ బోర్డుల గదిలో, నీళ్ళ సంపు పక్కన, కార్ల కింద, చలికాలమైతే బానెట్ లోపల కూడా. భయపడ్డ పిల్లి పిలిస్తే పలకదు, మీ గొంతే అయినా సరే, కాబట్టి పిలిచి ఊరుకోకుండా వంగి టార్చి వేసి చూడండి. లిఫ్టులో, గేటు దగ్గర దాని ఫొటో అంటించండి, వాచ్‌మన్‌కి, పొద్దున్నే పాలు వేసే కుర్రాడికి చెప్పండి, వాళ్ళకి తెలిసినంతగా సొసైటీ సెక్రటరీకి తెలియదు. పగలు దొరక్కపోతే రాత్రి పన్నెండు దాటాక బళ్ళ చప్పుడు తగ్గాక మళ్ళీ దిగండి. దిగేటప్పుడు బుట్ట మాత్రం తీసుకెళ్ళండి, దొరికిన సంతోషంలో చేతుల్లో ఎత్తుకొస్తుంటే ఏ మూలో కుక్క ఒక్కసారి మొరిగితే చాలు, మీ భుజమంతా రక్కేసి మళ్ళీ దూకేస్తుంది.